నాలుగు నక్షత్రాల దుమ్ము

ఆ ఇంట్లో బేరం అన్న మాట వినబడితే చాలు, అందరి చూపూ చిన్నవాడి మీదికే పోయేది. పెద్దాయన సోఫాలకీ కుర్చీలకీ చెక్క చట్రాలు చేస్తాడు. ఆయన భార్య వాటిలో స్పాంజి కూరి, మీద గుడ్డ కుట్టి, మేకులు బయటికి కనబడకుండా బిగిస్తుంది. ఇద్దరిదీ ఒకే దుకాణం, ఒకే బల్ల, ఒకే పోట్లాట. పెద్దాయన తమ్ముడు మాత్రం చెక్క జోలికి పోలేదు. మందుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే ఉద్యోగం చూసుకున్నాడు. తిరిగిన ప్రతి ఊళ్ళోనూ హోటల్ వాడు చెప్పిన ధరకి గది తీసుకోవడం తన ఒంటికి సరిపడదన్నట్టు ఉండేవాడు. ఫోన్‌లో ఏదో సైటులో వేలం పాడి, పెద్ద పెద్ద హోటళ్ళలో చవగ్గా దిగి, అక్కడి సబ్బులూ షాంపూ సీసాలూ తెచ్చి వదిన చేతిలో పోసేవాడు. ఇంట్లో వాళ్ళు అతనికి బేరాల బాబు అని పేరు పెట్టారు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే.

అలాంటి ఇంట్లో పెద్దాయనకి జబ్బు చేసింది. నెత్తురు చెడిందని కాదు, నెత్తురు తయారయ్యే చోటే చెడిందన్నారు డాక్టర్లు. ఎముకల్లో మజ్జ మార్చాలి, అది కూడా కలిసిన మనిషిదే కావాలి. తమ్ముడిది అచ్చు గుద్దినట్టు కలిసింది. సూదులు పొడిపించుకుని, రోజంతా గొట్టాల మధ్య పడుకుని, లేచి వచ్చి వదినతో అన్నాడతను: "నా జీవితంలో బేరం ఆడకుండా ఇచ్చింది ఇదొక్కటే వదినా." ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది.

అక్కడిదాకా గండం గట్టెక్కినట్టే ఉంది. అసలు సంగతి ఆస్పత్రి నుంచి బయటికి పంపే రోజున మొదలైంది.

"ఇప్పుడు ఆయన ఒంట్లో ఉన్నది పసిపిల్లవాడి రక్తం అనుకోండి," అంది డాక్టరమ్మ. "ఏ చిన్న క్రిమినీ తట్టుకోలేదు. ఇంకొన్ని వారాలు ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండాలి. జనం ఉండకూడదు. పూల కుండీలు, మట్టి, తడి వాసన ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం దుమ్ము. కట్టడం పనులు జరిగే చోటికి పొరపాటున కూడా తీసుకెళ్ళకండి. ఆ దుమ్ములో ఉండే బూజు ఊపిరితిత్తుల్లోకి దిగితే మేం కూడా చేసేది ఎక్కువ ఉండదు."

పెద్దాయన భార్య అన్నిటికీ తల ఊపింది. వాళ్ళ ఇల్లు ఒక రోజు ప్రయాణం దూరం. ఆస్పత్రి వాళ్ళ గెస్ట్‌హౌస్ నిండిపోయింది. ఎవరో ఖాళీ చేస్తారు, కానీ ఎప్పుడో చెప్పలేమన్నారు. ఆయన పడుకున్న మంచం మాత్రం ఇవాళే ఖాళీ చెయ్యాలట. ఇంకో మనిషికి మార్పిడి మొదలుపెట్టాలట.

మరిదికి ఫోన్ చేసింది. అతను అప్పటికే తన ఊరు చేరుకుని ఉద్యోగంలో పడ్డాడు.

"నువ్వు దిగులు పడకు వదినా. గది సంగతి నాకొదిలెయ్," అన్నాడు. "నేను తీసుకునే సైటే ఉందిగా. హోటళ్ళలో అమ్ముడుపోని గదులు అందులో పెడతారు. ఏ పేటలో కావాలో, ఎన్ని నక్షత్రాల హోటల్ కావాలో, మనం ఎంత ఇస్తామో చెబితే చాలు. ఒప్పుకున్న హోటల్ పేరు మాత్రం డబ్బు కట్టాకే చెబుతారు."

"పేరు తెలీకుండా ఎలా కొంటాం బాబూ? నేను మూర గుడ్డ కూడా వేళ్ళ మధ్య నలిపి చూడందే కొనను."

"నక్షత్రాలే పేరనుకో. నాలుగు నక్షత్రాలంటే ఇంక కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చు. అన్నయ్యని రాజాలా చూస్తారు."

"నచ్చకపోతే?"

"నచ్చకపోవడం ఉండదు. ఒకసారి తగిలిందంటే మనదే, వెనక్కివ్వడం కుదరదు. అందుకేగా అంత చవగ్గా ఇచ్చేది."

ఆవిడకి మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ తన మజ్జ తీసిచ్చిన మనిషిని ఒక గది దగ్గర నమ్మకపోవడమా అనిపించింది. సరేనంది. కాసేపటికే అతను కేరింతలు కొడుతూ ఫోన్ చేశాడు. నాలుగు నక్షత్రాల హోటల్ తగిలింది, ఆస్పత్రికి రెండు వీధుల అవతలే.

టాక్సీలో భర్తని వెనక సీట్లో కూర్చోబెట్టింది. జుట్టు ఊడిన తలకి టోపీ, కళ్ళు మాత్రం కనబడేలా మాస్కు. చట్రాలు ఎత్తి మోసిన మనిషి, ఇప్పుడు తన నీళ్ళ సీసా తనే మోయలేకపోతున్నాడు. హోటల్ గుమ్మం ముందు టాక్సీ ఆగగానే ఆవిడ ఆయన్ని దిగనివ్వలేదు. "మీరు కూర్చోండి. నేను ముందు చూసొస్తాను," అని తలుపు వేసి లోపలికి వెళ్ళింది.

హాలు అద్దంలా మెరిసిపోతోంది. గోడ వారగా మనిషెత్తు మొక్కల కుండీలు. సరే, ఇక్కడ ఆగకుండా పైకి తీసుకెళ్ళిపోవచ్చు అనుకుంది. లిఫ్టు లోపలి గోడలకి ప్లాస్టిక్ పట్టాలు కట్టి ఉన్నాయి. ఎందుకో అర్థం కాలేదు. తలుపులు తెరుచుకుంటూంటే అర్థమైంది. కింద ఎక్కడి నుంచో డ్రిల్లింగ్ మిషను మోత, కాళ్ళ కింద నేల సన్నగా అదరడం.

గది చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. తెల్లటి పరుపు, అంతకంటే తెల్లటి దిండ్లు, కిటికీ కింద ఈత కొలను. ఆవిడ అందం చూడలేదు. పరుపు మూల ఎత్తి వాసన చూసింది, బాగానే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, కార్పెట్ అంచు గోడ దగ్గర వేలితో లేపింది. అక్కడ చిక్కటి పొడి పేరుకుని ఉంది. తర్వాత కుర్చీ ఎక్కి, గాలి వచ్చే జాలీని చేతిరుమాలుతో తుడిచింది. రుమాలు బూడిద రంగుకి తిరిగింది. వేళ్ళతో నలిపితే గరగరలాడింది. సిమెంటు.

రుమాలు పిడికిట్లో బిగించింది. రిసెప్షన్ దాకా ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు.

"మీ అంతస్తులో పని జరగడం లేదు మేడమ్," అన్నాడు కోటు వేసుకున్న మనిషి చాలా మర్యాదగా. "కింది రెండంతస్తుల్లోనే. సాయంత్రానికి ఆపేస్తారు."

"గాలి మా అంతస్తుకి వేరేగా వస్తుందా?"

అతను కంప్యూటర్ వైపు చూశాడు.

"మా ఆయన పేషెంటు. ఈ దుమ్ము పీలిస్తే బతకడు. వేరే గది కాదు, మా డబ్బు మాకిచ్చేయండి. ఇంకెక్కడికైనా పోతాం."

"మీ బాధ నాకర్థమైంది మేడమ్. కానీ ఆ సైటు ద్వారా వచ్చిన గదులు మేం రద్దు చెయ్యలేం. డబ్బు వాళ్ళ దగ్గరుంది."

"నాలుగు నక్షత్రాల హోటల్ అని చెప్పి ఇచ్చారు కదా."

"మా గుమ్మం మీద రాసుకున్నవి మూడే," అన్నాడతను, కొంచెం సిగ్గుపడినట్టు. "నాలుగు వాళ్ళేసినవి. ఈత కొలనూ, రెస్టారెంటూ, సామాన్లు మోసే మనుషులూ ఉన్నారని. మేం అడగలేదు."

టాక్సీలోకి వచ్చి కూర్చుంది. భర్త కళ్ళు తెరిచి చూశాడు.

"ఏమైంది?"

"గది ఇంకా సర్దలేదట."

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ వార్డుకి ఫోన్ చేసింది. మంచం ఇచ్చేశామమ్మా అంది నర్సు. పోనీ కాసేపు హాల్లో కూర్చోబెట్టనా అంటే, "వద్దమ్మా, ఇవాళ హాలంతా దగ్గులే. ఎక్కడైనా తలుపులు వేసి కూర్చోబెట్టండి," అని పెట్టేసింది. గెస్ట్‌హౌస్ వాళ్ళు ఫోనే ఎత్తలేదు. టాక్సీ అతను అద్దంలోంచి ఆవిడని చూస్తున్నాడు. ఇక్కడ ఎక్కువసేపు ఆపనివ్వరన్నాడు. ఆస్పత్రి వెనక వీధిలో, నీడ ఉన్న చోట ఆపమంది. అద్దాలు దించొద్దని బతిమాలింది. టాక్సీ అతను మంచివాడు, మీటరు ఆపి సీట్లో వెనక్కి వాలాడు.

ఆవిడ కిందికి దిగి, టాక్సీకి కొంచెం దూరంగా వెళ్ళి మరిదికి ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. 

"వదినా," అన్నాడతను. "మజ్జ ఇచ్చిన చేత్తోనే..."

"ఆ మాటలు తర్వాత. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

సైటు వాళ్ళతో మాట్లాడతానని పెట్టేశాడు. ఆవిడ వీధిలో అటూ ఇటూ తిరిగింది. టాక్సీలో భర్త తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. నిద్రో, నీరసమో తెలీడం లేదు. ఆయన ఛాతీ కదులుతోందో లేదో అద్దంలోంచి రెండుసార్లు తొంగి చూసింది.

మరిది మళ్ళీ చేశాడు. "డబ్బు వెనక్కివ్వడానికి దుమ్ము కారణం కాదంటున్నారు వదినా. షరతులు ఒప్పుకున్నాకే తీసుకున్నారు కదా అంటున్నారు. పోనీ మళ్ళీ పాడదాం. కానీ ఇవాళ అదే పేటలో, అవే నక్షత్రాలకి మళ్ళీ పాడనివ్వరు. ఏదో ఒకటి మార్చాలి. ఐదు నక్షత్రాలు మన వల్ల కాదు. పేట మారుద్దామంటే ఆస్పత్రికి దూరమైపోతుంది."

"నక్షత్రాలు తగ్గించు."

"ఎన్నికి?"

"రెండుకి."

"అన్నయ్యని రెండు నక్షత్రాల గదిలో పడుకోబెడతామా వదినా? నేనే ఎప్పుడూ మూడుకి తక్కువ దిగలేదు."

"ఆ నక్షత్రాలు దేన్ని చూసి వేస్తారో అందులో రాసి ఉంటుంది కదా. చదువు."

అతను చదవడం మొదలుపెట్టాడు. లిఫ్టు, రెస్టారెంటు, ఈత కొలను, వ్యాయామం గది, సామాన్లు మోసే మనుషులు, గదికి భోజనం తెచ్చివ్వడం, స్నానం తర్వాత వేసుకునే అంగీ.

"శుభ్రం ఎక్కడుంది?"

అతను మళ్ళీ మొదటి నుంచి చూశాడు. "లేదు వదినా," అన్నాడు. "దిగినవాళ్ళు వేసే మార్కులని వేరే ఉంటాయి. శుభ్రం అందులోకొస్తుంది. నేనెప్పుడూ అది చూడలేదు. నక్షత్రాలే చూసేవాణ్ణి."

"ఇప్పుడు చూడు. మంచి మార్కులున్నవే రావాలని పెట్టు. ఆగు, ఇంకా పాడకు. ఈ వీధిలో చిన్న హోటళ్ళు రెండు కనబడుతున్నాయి. అందులో మనం పడబోయేది ఎలాంటిదో చూసొస్తాను."

మొదటిదాంట్లో గుమ్మం దాటి రెండడుగులు వేసిందో లేదో, తడిసి ఆరని స్పాంజి వాసన ముక్కుకి తగిలింది. రిపేరుకొచ్చిన పాత సోఫాల్లో ఆ వాసన వస్తే వాటిని దుకాణంలోకి కూడా రానివ్వదు, బయటే చింపి పడేస్తుంది. వెనక్కి తిరిగి వచ్చేసింది.

రెండోదానికి హాలంటూ లేదు. ఒక బల్ల, బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఒకామె. నేలంతా టైల్సు. గది చూడొచ్చా అంటే తాళం ఇచ్చింది. గదిలో మంచం, కుర్చీ, చిన్న ఫ్రిజ్జు. కార్పెట్ లేదు. ఏసీ ఆ గది గోడకే ఉంది, ఇంకే గది గాలీ ఇందులోకి రాదు. కిటికీ రెక్కలు మూస్తే సందు లేకుండా పట్టాయి. కర్టెను అంచు ఎత్తి చూసింది. ఉతికి ఉతికి రంగు వెలిసిన గుడ్డ. ఆ వెలిసిన రంగు చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"ఈ గది మాకివ్వండి. ఇప్పుడే."

బల్ల దగ్గరామె మొహం చిన్నబుచ్చుకుంది. "మిగిలిన గదులన్నీ మా ఓనరు ఆ వేలం సైటుకి రాసిచ్చేశాడమ్మా. నేను నేరుగా ఇస్తే నా ఉద్యోగం పోతుంది. ఆయనకి ఫోన్ చేస్తాను ఉండండి." చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. "ఎక్కడో ప్రయాణంలో ఉన్నాడు. నా చేతిలో ఉంటే ఇచ్చేదాన్ని."

"సైటులో పాడితే మీదే తగులుతుందా?"

"అది చెప్పలేను. ఈ చుట్టుపక్కల రెండు నక్షత్రాలవి మేమూ, ఆ పక్కదీ. నాకు తెలిసి ఇంకోటి లేదు."

అంటే ఇదో, ఆ బూజు వాసనదో. ఆవిడ బల్ల పట్టుకుని నిలబడి మరిదికి చెప్పింది. మార్కుల సంగతి మళ్ళీ గుర్తుచేసింది. పాడమంది. ఫోన్ పెట్టకుండా ఎదురుచూసింది.

"ఒప్పుకోలేదు వదినా," అన్నాడు.

"ఎవరూ?"

"ఎవరూ." గొంతు బాగా తగ్గించి అన్నాడు: "నేను కొంచెం తక్కువకి పాడాను. చెయ్యి అలా పోయింది. అలవాటు."

 ఆవిడ జీవితంలో ఎప్పుడూ మరిదిని పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు అంది.

"ఇక్కడ కూడా బేరమేనా? మీ అన్నయ్య వీధిలో టాక్సీలో పడి ఉన్నాడు. ఆయన ఊపిరి కూడా చవగ్గా రావాలా నీకు?"

అవతల అతను ఏడుస్తున్న చప్పుడు వినబడింది. ఆవిడకి జాలి కలగలేదు. జాలిపడే ఓపిక లేదు. బల్ల దగ్గరామె ఒక గ్లాసు నీళ్ళు ముందుకు జరిపింది.

"ఇంక ఇవాళ కుదరదా?" అనడిగింది ఆవిడ చివరికి.

అతను ముక్కు చీదుకున్నాడు. "ఒక దారుంది. ఇంకో పేట కూడా కలిపితే మళ్ళీ పాడనిస్తారు. కానీ ఆ పేటలో తగిలితే అక్కడికే పోవాలి." కాసేపు వెతుకుతున్నట్టుంది. "ఉండు. ఏటి అవతల ఆఫీసుల పేట ఉంది కదా. అక్కడన్నీ పెద్ద హోటళ్ళే, నేను రెండుసార్లు దిగాను. రెండు నక్షత్రాలది ఒక్కటీ లేదక్కడ. దాన్ని కలిపినా అక్కడ తగలడానికేం ఉండదు. మనది మళ్ళీ ఈ వీధికే వస్తుంది."

"ఖాయమేనా?"

"ఉంటే నా కంటపడి ఉండేది వదినా. నమ్ము. ఈసారి తగ్గించను."

నమ్మడం తప్ప ఆవిడ దగ్గర ఇంకేం మిగల్లేదు. సరేనంది. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని, గుమ్మంలోంచి కనబడుతున్న టాక్సీనే చూస్తూ నిలబడింది. టాక్సీ అతను దిగి, వెనక అద్దం మీద ఎండ పడకుండా తన చొక్కా ఒకటి ఆరేస్తున్నాడు.

"తగిలింది," అన్నాడు మరిది. "పేరు పంపిస్తున్నా చూడు."

ఫోన్‌లో అక్షరాలు కనబడుతున్నాయి గానీ ఆవిడకి అవి మాటలుగా కుదరడం లేదు. ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె వైపు తిప్పింది. ఆమె కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఇది మాదే," అంది. "ఆయన్ని తీసుకురండి. మెట్ల వైపు కాదు, వెనక గుమ్మం తీస్తాను, అటైతే ఎవరూ ఎదురురారు."

 ఆవిడ టాక్సీ దగ్గరికి పరిగెత్తింది.

భర్తని పడుకోబెట్టాక, ఆస్పత్రి నుంచి తెచ్చిన క్రిముల మందు నీళ్ళతో గది అంతా తనే మళ్ళీ తుడుచుకుంది. ఆయన మంచం మీద నుంచి చూస్తూ అన్నాడు: "మొదటి హోటల్లో గది సర్దలేదని చెప్పావు కదా. నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. అప్పుడు కూడా రుమాలు పిడికిట్లో పట్టుకునే ఉన్నావు."

అప్పటికి కానీ ఆవిడకి తట్టలేదు. ఆ రుమాలుతో, ఆ కార్పెట్ మీద మోకాళ్ళు ఆనించిన ఆ గుడ్డలతోనే వచ్చి టాక్సీలో ఆయన పక్కన కూర్చుంది. గబగబా వెళ్ళి స్నానం చేసింది. ఒంటి మీదివన్నీ సంచిలో కట్టి బయట పడేసింది. కానీ చేసింది చేసినట్టే ఉంది.

వారం తిరక్కముందే ఒక పొద్దున ఆయన ఒళ్ళు కాలిపోతూ లేచాడు. ఆస్పత్రి దగ్గర్లో ఉండబట్టి వెంటనే చేర్చింది. మళ్ళీ గొట్టాలు, మళ్ళీ అద్దాల గది. ఛాతీకి ఫొటోలు తీశారు. బూజేనా, ఇంకేమైనానా, చెప్పడానికి టైం పడుతుందన్నారు. ఆవిడ డాక్టరమ్మని పట్టుకుని జరిగిందంతా చెప్పేసింది. రుమాలు సంగతి, టాక్సీ సంగతి.

"నేనే చేశానా?" అనడిగింది. "ఆ ఒక్కటీ చెప్పండి."

"ఇలాంటి జ్వరం సగం మందికి వస్తుందమ్మా. ఎక్కడి నుంచి వచ్చిందో చాలాసార్లు మాకే తెలీదు."

ఆ జవాబు ఆవిడకి చాలలేదు. చేశావు అన్నా సరే, చెయ్యలేదు అన్నా సరే, ఏదో ఒకటి పట్టుకుని ఏడ్చేది. తెలీదు అంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

మరిది ఉద్యోగం వదిలేసి వచ్చాడు. ఆవిడ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రోజు ఫోన్‌లో అన్న మాట ఇద్దరి మధ్యా కూర్చుని ఉంది.  మర్నాడు అతనే అన్నాడు, అద్దం అవతలికి చూస్తూ: "ఇంట్లో అందరిలో నా మజ్జే కుదిరింది. అది కూడా చవకరకం అయ్యుంటే ఏం చెయ్యాలి వదినా?"

ఆవిడ అతని వైపు తిరిగింది. గడ్డం మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి, చిన్నప్పుడు జ్వరమొస్తే ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి అతను ఇంకా బడికి పోతున్నాడు.

"నోర్ముయ్," అంది. "తిన్నావా ఏమైనా?"

తినలేదన్నాడు. లేవదీసి తీసుకెళ్ళింది.

జ్వరం మెల్లగా దిగింది. బూజు కాదని తేలింది. అదేదో క్రిమి, మందుకి లొంగేదే. ఆ తర్వాత రక్తంలో లెక్కలు కొంచెం కొంచెంగా పైకి రావడం మొదలైంది. మార్పిడి పూర్తిగా పట్టుకుందని, ఇప్పుడాయన ఒంట్లో తయారవుతున్న నెత్తురంతా తమ్ముడిదేనని డాక్టరమ్మ చెప్పినప్పుడు బేరాల బాబు గోడకి ఆనుకుని మొహం దాచుకున్నాడు.

మళ్ళీ ఆ రెండు నక్షత్రాల గదికే వచ్చారు. బల్ల దగ్గరామె వాళ్ళ సామాన్లు కదపలేదు, కిటికీ తెరవలేదు. మరిది గదంతా తిరిగి చూశాడు. లిఫ్టు లేదు, అంగీ లేదు, సబ్బు కూడా మామూలు సబ్బే. వదిన చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని కిటికీ గట్టు తుడవడం మొదలుపెట్టాడు.

పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని కొంచెం అటూ ఇటూ ఊగాడు. తర్వాత మెల్లగా లేచి, మంచం పట్టుకుని వంగి, కుర్చీ కాళ్ళ కిందికి తొంగి చూశాడు.

"చెక్క ముట్టుకోవద్దన్నారు మిమ్మల్ని," అంది ఆవిడ.

"ముట్టుకోవడం లేదు, చూస్తున్నా. ఈ వెనక కాలు ఎవడు బిగించాడో గానీ, వాడికి చెయ్యి తిరగలేదు."

ఆయన ఇంకా ఏదో తిడుతూనే ఉన్నాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని వింటూ ఉంది.